బాబిన్‌కి పొద్దుటి సూది

మా పిల్లికి షుగరొచ్చిందని విని నవ్వినవాళ్ళందరి ప్యాంట్లూ నేను కావాలనే ఆలస్యంగా ఇచ్చాను. ఒకాయన ఫంక్షన్‌కి వేసుకెళ్ళాలి, తొందరగా కావాలన్నాడు. పాతది వేసుకెళ్ళండి అన్నాను. "పిల్లికి షుగరా? రేపు ఎలక్కి బీపీ అంటారేమో" అని నా మొహం మీదే పళ్ళికిలించిన మనిషికి అంచు మడిచి కుట్టి, ఇస్త్రీ చేసి, పైగా నవ్వుతూ చేతికివ్వాలా? నా వల్ల కాదు.

నాకు ముక్కు మీదే కోపం. ఆ సంగతి వీధి వీధంతా తెలుసు. మాది దర్జీ కొట్టు. ముందు గది కొట్టు, వెనక రెండు గదులూ ఓ వంటిల్లూ మా ఇల్లు. కొలతలు తీసుకోవడం, కత్తిరించడం, కరెంటు మిషన్ మీద కుట్టడం వదిన పని. గుండీలు, కాజాలు, అంచులు, చేత్తో చేసేదంతా నా పని. ఆఖర్న బట్ట మీద మిగిలిన సుద్ద గీతలు దులిపి, దారప్పోగులు ఏరి, మడత పెట్టేది కూడా నేనే. గీత కనబడితే చాలు, కన్ను చూసేలోపే నా చెయ్యి దాన్ని దులిపేస్తుంది. ఒకసారి బస్సులో ముందు సీట్లో కూర్చున్నాయన వీపు దులిపి చివాట్లు తిన్నాను.

అన్నయ్య ఉన్నన్నాళ్ళూ కత్తెర ఆయనదే. కత్తిరించిన గుడ్డని కిటికీ పక్కనున్న తన కాలిమిషన్ మీద తనే కుట్టేవాడు. ఆయన పోయాడు, ఆయన పిల్లి మిగిలింది. దానికి బాబిన్ అని పేరు పెట్టిందీ ఆయనే. చిన్నప్పుడు దారం చుట్టిన బాబిన్ దొరికితే గదంతా దొర్లించుకుంటూ తిరిగేది. వయసు మీదపడ్డాక తనే బాబిన్‌లా గుండ్రంగా తయారైంది.

నేనూ వదినా మాట్లాడుకోం. అన్నయ్య పోయిన కొన్నాళ్ళకి, నేను పొరుగూరు వెళ్ళినప్పుడు, వదిన ఆ కాలిమిషన్‌ని కుట్టు నేర్పే బడికి ఇచ్చేసింది. తిరిగొచ్చి చూస్తే కిటికీ పక్కన నేల మీద దాని కాళ్ళ గుర్తులు మాత్రం ఉన్నాయి. ఎవర్నడిగి ఇచ్చావన్నాను. "నా మొగుడి మిషన్. నేనిచ్చాను" అంది. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారే, ఆ లెక్కన చూసినా సగం మిషన్ నాది కదా? ఆ రోజు మూసిన నోరు ఆవిడ ముందు మళ్ళీ తెరవలేదు. ఆవిడా తెరవలేదు. ఒకే ఇంట్లో ఎడమొహం పెడమొహంగా తిరుగుతున్నాం.

మరి కొట్టు ఎలా నడుస్తుంది అంటారా? బాబిన్ ద్వారా నడుస్తుంది.

"బాబిన్, ఆ కోటు చేతులు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అని చెప్పు" అంటాను నేను కాజా కుడుతూ.

"బాబిన్, కోటు సరిగ్గానే ఉంది, ఆయన భుజమే ఒకటి కిందికుంది అని చెప్పు" అంటుంది వదిన కత్తెర ఆపకుండా.

కత్తిరించే బల్ల మీద పడుకున్న బాబిన్ అటోసారి ఇటోసారి చూసి ఆవలిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు బిత్తరపోయేవారు. పాతవాళ్ళు తమ మాట కూడా దానికే చెప్పి పోయేవారు.

ఆ బాబిన్ నీళ్ళు ఎక్కువ తాగడం మొదలుపెట్టింది. తన గిన్నె ఖాళీ చేసి, ఇస్త్రీ టేబుల్ దగ్గర చిలకరించడానికి పెట్టుకున్న గిన్నెలో మూతి పెట్టేది. దాని ఇసుక తొట్టి ఎత్తబోతే తడిసి బరువెక్కి లేచేది కాదు. తిండి మాత్రం ఆవురావురుమని తినేది, అయినా వీపు నిమిరితే ఎముకలు చేతికి తగిలేవి. ఒకరోజు బల్ల మీదికి ఎగరబోయి అందక కింద పడింది. లేచి, ఏమీ జరగనట్టు కాలు నాకుతూ కూర్చుంది. నడుస్తుంటే వెనక కాళ్ళు మడమల దాకా నేలకి ఆనుతున్నాయి. "బాబిన్, నిన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నారని చెప్పు" అన్నాను. "బాబిన్, నేనూ వస్తున్నానని చెప్పు" అంది వదిన.

ఆస్పత్రి బెంచీ మీద బుట్ట మధ్యలో పెట్టుకుని చెరోవైపు కూర్చున్నాం. డాక్టరమ్మ చిన్నమనిషే గాని మాట ఖచ్చితం. రక్తం తీసింది, మూత్రం చూసింది. రెండిట్లోనూ చక్కెర ఉందని చెప్పింది.

"తిండి రోజుకి ఎన్నిసార్లు పెడతారు?"

"రెండుసార్లు, కడుపునిండా" అన్నాను.

వదిన బుట్ట వైపు చూసి, "బాబిన్, నేనూ రెండుసార్లు పెడుతున్నానని చెప్పు. కడుపునిండా" అంది.

డాక్టరమ్మ కలం ఆపి మా ఇద్దర్నీ చూసింది. "అంటే ఒకరు పెట్టిన సంగతి ఒకరికి తెలీదా?"

బాబిన్ ఒక్కటే బుట్టలోంచి మ్యావ్ అంది. అది మాత్రం రెండు వంటిళ్ళ చుట్టంలా ఇన్నాళ్ళూ హాయిగా బతికింది. ముసలితనంలో ఒళ్ళు బరువెక్కితే ఈ జబ్బు తొందరగా పట్టుకుంటుందని డాక్టరమ్మ చెప్పింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తెలియనప్పుడు నేను చేసే పనే చేశాను, డాక్టరమ్మ మీద కోపం తెచ్చుకున్నాను.

"పొద్దునా సాయంత్రం రెండుపూటలా ఇన్సులిన్ వెయ్యాలి. వేళ తప్పకూడదు. చాలామంది ముసలి పిల్లికి ఇంత అవస్థ ఎందుకని, నొప్పి తెలియకుండా శాశ్వతంగా నిద్రపుచ్చమంటారు. మీరూ ఆలోచించుకోండి. అందులో తప్పేం లేదు" అంది ఆవిడ మెల్లగా.

"మా అన్నయ్య పిల్లి అది. దాన్ని నిద్రపుచ్చడానికి మేం రాలేదు. సూది ఎలా వెయ్యాలో చూపించండి" అన్నాను.

చూపించింది. ముందు తిండి పెట్టాలి. తినకపోతే సూది వెయ్యకుండా ఫోన్ చెయ్యాలి. మందు సీసాని కుదపకుండా అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి. మెడ వెనక తోలు గుడారంలా పైకెత్తి గుచ్చాలి. ఒకసారి వేశాక, మందు లోపలికి వెళ్ళిందో లేదో అనుమానమొచ్చినా మళ్ళీ వెయ్యకూడదు. తక్కువైతే ఒక పూట ఓర్చుకుంటుంది, ఎక్కువైతే ప్రాణం మీదికొస్తుంది. ఈ మాట రెండుసార్లు చెప్పి, "ఇంట్లో ఎవరో ఒక్కరే ఈ బాధ్యత తీసుకోండి" అంది.

"నేను" అన్నాను. అదే క్షణంలో "నేను" అంది వదిన. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం ఇద్దరం. వాదించాలంటే మాట్లాడుకోవాలి, మేం మాట్లాడుకోం. కాబట్టి ఎవరు ముందు లేస్తే వాళ్ళు వెయ్యడమే ఖాయమైంది. "బాబిన్, సూది వేసినవాళ్ళు ఫ్రిజ్ తలుపు మీద గీత గియ్యాలని చెప్పు. పొద్దుటిది పై తలుపు మీద, సాయంత్రానిది కింది తలుపు మీద" అంది వదిన. ఫ్రిజ్ తెల్లది కాబట్టి నీలం సుద్ద పెట్టాం. పడుకునే ముందు వదినే ఆ గీతలు చెరిపేది.

మొదటిరోజు సూది నేనే పట్టుకున్నాను. అంత సన్నటి సూది నా జన్మలో చూళ్ళేదు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి నా చేతిలో సూది లేని రోజు లేదు, అయినా చెయ్యి గడగడ వణికింది. ఎంత మందం గుడ్డకైనా నొప్పి ఉండదు కదా. వదిన పిల్లిని పొదివి పట్టుకుని, "బాబిన్, సూదితో పుట్టానని చెప్పుకునే ఆవిడ చెయ్యి ఎందుకు వణుకుతోందో అడుగు" అంది. ఆ మాటతో వచ్చిన కసికి గుచ్చేశాను. బాబిన్‌కి తెలియనే లేదు, గిన్నె నాకుతూనే ఉంది.

తరవాత అలవాటైపోయింది. చెవి అంచున చిన్న చుక్క రక్తం తీసి షుగర్ చూడటం కూడా నేర్చుకున్నాం. పాలూ రొట్టెముక్కలూ మానేసి డాక్టరమ్మ చెప్పిన మాంసం తిండి కొలిచి పెట్టాం. కొన్ని వారాలకి బొచ్చు మెరిసింది, మడమలు నేల మీంచి లేచాయి. ఒకరోజు అంగీ గుడ్డ కొలుస్తున్న వదిన చేతుల మధ్యకి, కింద నుంచి ఒక్క ఎగురులో వచ్చి పడింది. వదిన గుడ్డ వదిలేసి దాన్ని ఎత్తుకుంది. నేను చూడనట్టు సూదిలో దారం ఎక్కించుకున్నాను.

పక్కనున్న ఇస్త్రీ కొట్టాయన మాత్రం రోజూ గుమ్మంలోంచి తొంగి చూసి, "ఏమ్మా, మీ పేషెంటు టిఫిన్ చేశారా?" అని వేళాకోళమాడేవాడు. చేశారు, మీకే ఇంకా పెట్టలేదు అనేదాన్ని. మేం దీన్ని బతికిస్తున్నామని నాకు పొగరుగా ఉండేది. ఆ పొగరే కొంప ముంచింది.

ఆ వారం ఒక హోటల్ వాళ్ళు తమ మనుషులందరికీ నల్లకోట్లు కుట్టమన్నారు. కొట్టంతా నల్లగుడ్డ, దాని మీద తెల్లసుద్ద గీతలు. రోజంతా అవి దులపడంతోనే సరిపోయేది. ఆ పొద్దున నేను లేచేసరికే వదిన లైనింగ్ గుడ్డ కోసం బజారుకెళ్ళిపోయింది. నిద్రకళ్ళతో ఫ్రిజ్ తెరిచి పాలు తీసుకుని, టీ తాగి, మొహం కడుక్కుని వచ్చి అప్పుడు తలుపు చూశాను. గీత లేదు.

నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. ఆవిడ మర్చిపోయింది. కొలత తప్పనిదాన్ని అని విర్రవీగే మనిషి, బాబిన్ సూది మర్చిపోయి బజారుకెళ్ళింది. ఈ సంగతి బాబిన్‌కి ఎలా చెప్పాలో కూడా అప్పుడే మనసులో కూర్చుకున్నాను. పిల్లికి తిండి పెట్టాను, ఎప్పట్లాగే తినేసింది. సూది వేశాను. పై తలుపు మీద బారుగా, కొట్టొచ్చినట్టు గీత గీశాను. వదిన తిరిగొచ్చి ఫ్రిజ్‌లోంచి నీళ్ళు తీసుకుంది. గీత చూసి కూడా ఏమీ అనలేదు. సిగ్గుపడుతోంది కాబోలు అనుకున్నాను.

మధ్యాహ్నం కాకముందే బల్ల కింద ఏదో తేడా కనిపించింది. బాబిన్ గుడ్డముక్కల కుప్ప మీంచి లేవబోయి తూలింది. మళ్ళీ లేచి, తాగినవాడిలా రెండడుగులు పక్కకి వేసి కూలబడింది. మూతి వెంట చొంగ కారుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని నన్ను చూడటం లేదు. పిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. కాలు ఒకటి దానంతటదే కొట్టుకుంటోంది.

ఒళ్ళోకి తీసుకుని డాక్టరమ్మకి ఫోన్ చేశాను. 

"షుగర్ పడిపోయింది. చిగుళ్ళకి తేనె రాయండి, వెంటనే తీసుకురండి. పొద్దున ఎంత వేశారు?"

ఎన్ని యూనిట్లో చెప్పాను.

"ఒక్కసారే కదా? ఇంకెవరూ వెయ్యలేదు కదా? సరిగ్గా తెలుసుకుని చెప్పండి."

వదిన బల్లకి అవతల కత్తెర చేత్తో పట్టుకుని నిలబడింది. నేను అలవాటు కొద్దీ, "బాబిన్, ఆవిడ్ని అడుగు..." అన్నాను. బాబిన్ తల నా మోచేతి మీంచి వేలాడుతోంది. అడగడానికి ఎవరూ లేరు. తలెత్తి ఆవిడ మొహంలోకి చూశాను.

"వదినా, పొద్దున నువ్వు వేశావా?"

"వేశాను" అంది వదిన. "వేసి, గీత గీసి వెళ్ళాను. నువ్వు?"

"నేనూ వేశాను."

కత్తెర బల్ల మీద పడింది. ఆవిడ వంటింట్లోకి పరిగెత్తింది, నేను ఫోన్లో సూది రెండుసార్లు పడిందని అరిచాను. వదిన తేనెసీసా తెచ్చి, వేలు ముంచి దాని చిగుళ్ళకి పూసింది. మింగే స్థితిలో లేదు కాబట్టి నోట్లో పొయ్యకుండా కొంచెం కొంచెంగా పూసింది. నేను దాని తల పట్టుకున్నాను. "పుయ్యి వదినా, ఇంకా పుయ్యి" అంటున్నాను. ఇస్త్రీ కొట్టాయన గుమ్మంలోకొచ్చి, ఈసారి వేళాకోళం లేకుండా, ఇస్త్రీపెట్టె ఆపేసి, బట్టలు చేరవేసే తన బండి తీశాడు. మడతబట్టల మధ్య కూర్చుని వెళ్ళాం. దారంతా వదిన తేనె పూస్తూనే ఉంది.

డాక్టరమ్మ దాన్ని లోపలికి తీసుకెళ్ళి గ్లూకోజ్ ఎక్కించింది. చాలాసేపటికి బయటికొచ్చింది. బతికే ఉంది, ఇంకా గండం గడవలేదు అంది. ఆవిడ మొహం ఎర్రబడి ఉంది.

"ఎలా జరిగింది?"

"గీత లేదు" అన్నాను. గొంతు పెంచే అన్నాను. "వేస్తే గీత గియ్యాలని చెప్పింది ఆవిడే. గియ్యకుండా బజారుకెళ్ళింది. నేనేం చెయ్యను?"

"గీశాను" అంది వదిన.

"గీస్తే ఏమైంది? ఫ్రిజ్ మింగిందా?"

వదిన నా కుడిచేతి వైపు చూస్తోంది. నేనూ చూశాను. మణికట్టు దగ్గర, పొడుగు చేతుల జాకెట్టు అంచున, నీలంగా మరక ఉంది. ఆ వారమంతా మా కొట్టులో దులిపింది తెల్లసుద్ద. నీలం సుద్ద ఉన్నది ఫ్రిజ్ దగ్గర మాత్రమే. నేను గీసేటప్పుడు సుద్ద వేళ్ళతో పట్టుకుంటాను, అది అక్కడ అంటదు. నిద్రకళ్ళతో పాలు తీసుకుంటూ కనబడ్డ గీతని బట్ట మీది గీతలాగే దులిపేసి ఉంటాను. నాకు గుర్తు లేదు. నా చేతికి గుర్తుంది.

ఆ మరక వదిన ఒక్కతే చూసింది. డాక్టరమ్మకి తెలియదు. చెయ్యి వెనక్కి పెట్టుకుంటే సరిపోయేది. వదిన చెప్పేరకం కాదని నాకు తెలుసు. అదే నా ఒళ్ళు మండించింది. ఆవిడ దయ మీద బతకడం కన్నా నా తప్పు మీద నేను నిలబడటం నయం.

"నేనే చెరిపాను" అన్నాను డాక్టరమ్మతో, చెయ్యి చాపి చూపించి. "పని అలవాటు. ఆవిడ గీసింది, నేను దులిపేశాను. తప్పు నాది. మీరు తిట్టాలనుకుంటే నన్ను తిట్టండి."

డాక్టరమ్మ తిట్టలేదు. అంతకన్నా ఘోరమైన మాట అంది. "ఒక్కరే చూసుకోండని మొదటిరోజే చెప్పాను. మీ ఇద్దరికీ పడకపోవడం మీ సొంత విషయం. కాని అది మీ మధ్య నలిగిపోతోంది. ఇది మళ్ళీ జరిగితే నా దగ్గరికి వచ్చేదాకా కూడా ఉండదు. ఇలా వణుకుతూ పోయేకన్నా ప్రశాంతంగా పంపించడమే దానికి మేలు. లేదా చూసుకోగలిగిన వాళ్ళెవరికైనా ఇచ్చెయ్యండి. కూర్చుని నిర్ణయించుకోండి, నేను మళ్ళీ వస్తాను."

బెంచీ మీద కూర్చున్నాం. మధ్యలో బుట్ట ఖాళీగా ఉంది. ఒప్పుకున్నాను గాని నాకు చల్లారలేదు. ఒప్పుకున్నాక ఇంకా మండింది.

"నా తప్పు నేను ఒప్పుకున్నాను. నీది నువ్వు ఒప్పుకో" అన్నాను.

"నేనేం చేశాను?"

"మిషన్."

వదిన తన వేళ్ళకంటిన తేనె తుడుచుకుంది.

"ఆయన పోయాక నువ్వు రోజూ దాని మీద కూర్చునేదానివి. కుట్టేందుకేం లేకపోయినా ఊరికే తొక్కేదానివి. నేను వంటింట్లో ఉండేదాన్ని. ఆ చప్పుడు వినపడగానే టీ పెట్టేసేదాన్ని. అన్నేళ్ళ అలవాటు. గ్లాసు పట్టుకుని ముందుగదిలోకి వచ్చేదాన్ని. నువ్వుండేదానివి. మళ్ళీ వెనక్కెళ్ళి పారబోసేదాన్ని. నీకు మీ అన్నయ్య ఒక్కసారే పోయాడమ్మాయ్. నాకు రోజూ పోయేవాడు. ఎన్నాళ్ళు పారబొయ్యమంటావు?"

అమ్మాయ్ అని ఆవిడ నన్ను పిలిచి ఏడాది దాటింది. యాభై దాటిన నన్ను అలా పిలిచే మనిషి ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు.

"చెప్పి ఉండొచ్చు కదా."

"చెబితే దిగేదానివా?"

అబద్ధం ఎందుకు. "దిగేదాన్ని కాదు" అన్నాను. "నాకు అన్నయ్య ఆ చప్పుళ్ళోనే ఉండేవాడు."

"నాకు తెలుసు. అందుకే నువ్వు లేనప్పుడు ఇచ్చాను" అంది. "అది తప్పే. ఒప్పుకుంటున్నాను. కాని మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ అదే చేస్తాను."

ఏడుపొచ్చింది. కొంగుతో కాదు, నీలం మరక ఉన్న ఆ చేత్తోనే తుడుచుకున్నాను. నాకు మిషన్ పోయిందన్న బాధే తెలుసు. ఆ టీ గ్లాసు సంగతి తెలియదు. గోడకి అవతల రోజూ ఒక మనిషి గ్లాసుడు టీ పారబోస్తుంటే, ఇవతల నేను పెడలు తొక్కుతూ కూర్చున్నాను.

డాక్టరమ్మ తలుపు తీసుకుని వచ్చింది. బాబిన్ కళ్ళు తిప్పి చూస్తోందట, పిలిస్తే చెవి కదుపుతోందట. రాత్రికి ఇక్కడే ఉంచుతానంది. "మరి ఏమనుకున్నారు?"

నేను లేచి నిలబడ్డాను. "చూడండి డాక్టరమ్మా, నిద్రపుచ్చడం అన్న మాట మా దగ్గర ఇంకోసారి ఎత్తకండి. ఎవరికీ ఇవ్వం కూడా. అది మా ఇంట్లో పుట్టకపోయినా మా ఇంట్లోనే పోతుంది, దాని టైం వచ్చినప్పుడు, కడుపునిండా తిని. గీతలూ గుర్తులూ ఇక ఉండవు. సూది నేను వేస్తాను. వదిన ఎదురుగా నిలబడి చూస్తుంది. వేశాను అని నేను పైకి చెప్పాలి, చూశాను అని ఆవిడ పైకి చెప్పాలి. ఇద్దరం ఉంటేనే సీసా ఫ్రిజ్‌లోంచి బయటికొస్తుంది."

"ఇద్దరూ లేకపోతే?"

"ఉంటాం" అంది వదిన నా పక్కన నిలబడి. "కొట్టు మూసైనా ఉంటాం."

"మరి మీరిద్దరూ మాట్లాడుకోరు కదమ్మా" అంది డాక్టరమ్మ.

"మాట్లాడుకోనక్కర్లేదు. పోట్లాడుకుంటే చాలదా?" అంది వదిన.

డాక్టరమ్మ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. నవ్వలేదు. సరే అని కూడా అనలేదు. "ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంత తగ్గించి వెయ్యాలో నేను చెప్పేదాకా సూది ముట్టుకోకండి" అని లోపలికెళ్ళిపోయింది. మా మీద నమ్మకం కుదరలేదు ఆవిడకి. కుదరకపోతే పోనీ, పిల్లిని మాత్రం మర్నాడు మా చేతికే ఇచ్చింది.

ఆవిడ మొదలుపెట్టమన్న పొద్దున బాబిన్‌ని బల్ల మీద కూర్చోబెట్టాం. చిక్కిపోయింది, చెవి అంచున సూది గుర్తులు, ముందుకాలి మీద బొచ్చు గొరిగిన చోట గులాబిరంగు తోలు. గిన్నె ముందు పెడితే మా ఇద్దర్నీ అనుమానంగా చూసి, ఆ తరవాత తినడం మొదలుపెట్టింది. వదిన సీసా అరచేతుల మధ్య దొర్లించి ఇచ్చింది. నేను మందు ఎక్కించి, సిరంజి గీత దగ్గర కన్ను పెట్టి చూసి, ఆవిడకి కూడా చూపించాను. మెడ వెనక తోలు ఎత్తాను. నా చెయ్యి మళ్ళీ వణికింది. వదిన ఈసారి దెప్పలేదు, బల్లకి అవతల నుంచి వంగి దీక్షగా చూస్తూ నిలబడింది.

గుచ్చాను. తీశాను. సూది చేతిలోనే ఉంది. మామూలుగా చెప్పాల్సిన మాట చెప్పేసి ఉంటే సరిపోయేది. కాని ఏడాది పాటు లోపల కూర్చున్న మాట ముందు తోసుకొచ్చింది.

"నిన్ను నేనింకా క్షమించలేదు" అన్నాను వదిన కళ్ళలోకి చూసి.

"క్షమించకు. సూది వేశావా, లేదా?"

"వేశాను."

"చూశాను" అంది వదిన.